సురభివారి ఆడపడుచు



తెలుగు సినిమాకి తొలి కథానాయిక ఎవరని అడిగితే, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు టక్కున చెప్పేస్తారు, సురభి కమలాబాయి అని. సినిమా పేరు కూడా చెబుతారు, భక్త ప్రహ్లాద. మార్కు పడుతుంది, పేజీ తిరుగుతుంది. ఆ పేరుకి ముందున్న సురభి సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాకేమో అసలు కథంతా అక్కడే ఉందనిపిస్తుంది. సినిమాకి మాట వచ్చిన కొత్తలో, ఆ మాట తెలుగులో పలకగలిగి, పద్యం ఎత్తుకుని శ్రుతిలో పాడగలిగి, నలుగురి ముందు జంకు లేకుండా నిలబడగలిగిన ఆడమనిషి కావలసి వచ్చింది. ఆ మనిషి సురభి నాటకాల ఇంట్లోంచి వచ్చింది. అక్కణ్ణుంచే ఎందుకు వచ్చిందో ఇవాళ మాట్లాడుకుందాం.

కడప జిల్లాలో రాయచోటి వైపు సురభి అని ఒక చిన్న ఊరుంది. 1885లో ఆ ఊళ్ళో ఒక బృందం కీచకవధ నాటకం ఆడింది. ఆడినవాళ్ళు అంతకుముందు నాటకాలవాళ్ళు కారు, తోలుబొమ్మలాటవాళ్ళు. ఎప్పుడో మరాఠా దేశం నుంచి వచ్చి తెలుగునాట స్థిరపడ్డ ఆరె కుటుంబాలు వాళ్ళవి. ఇంట్లో ఇప్పటికీ ఒకరకం మరాఠీ మాట్లాడుకుంటారు, వేదిక ఎక్కితే తెలుగు. బొమ్మలు పక్కనపెట్టి మనుషులే వేషాలు కడితే ఎలా ఉంటుందన్న ఆలోచన వెనక వనారస గోవిందరావు ఉన్నారు. సురభి నాటక సమాజాలకు ఆయనే మూలపురుషుడు. ఊరి పేరే కంపెనీకి పేరయింది. తరువాత ఆ కంపెనీలో పుట్టి పెరిగిన ప్రతి ఒక్కరికీ అదే ఇంటిపేరు లాంటిదయింది.

ఆ రోజుల్లో తెలుగు నాటకంలో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. అది లోటని కూడా ఎవరూ అనుకోలేదు, అందులో మహామహులు పుట్టారు. తరువాతి కాలంలో కూడా స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసి చీర ఎలా కట్టాలో ఆడవాళ్ళు నేర్చుకునేవారని చెప్పుకునేవారు. గౌరవంగల కుటుంబంలో ఆడపిల్ల స్టేజీ ఎక్కడమంటే కులానికే మచ్చ అనుకునేవారు. అలాంటి చోట సురభి కంపెనీలో ద్రౌపది వేషం ఆడమనిషే కట్టింది, సీత వేషం ఆడమనిషే కట్టింది. ఇదెలా సాధ్యమైంది?

సంస్కరణ ఉద్యమం వల్లనో, పెద్దల ఉపన్యాసాల వల్లనో కాదని నా అభిప్రాయం. జవాబు తోలుబొమ్మలాటలోనే ఉంది. బొమ్మలాట ఎప్పుడైనా తెర వెనక నుంచి చూశారా? వెనకాల దీపాలు, కాళ్ళ కింద చెక్కపలకలు, యుద్ధం వస్తే ఆ పలకల మీద కాళ్ళతో టకటకా తొక్కే చప్పుడు. బొమ్మను ఆడించేది కుటుంబంలో మగవాళ్ళు కావచ్చు, కానీ సీతకూ ద్రౌపదికీ గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్ళు. పాట ఎత్తుకునేదీ వాళ్ళే. అంటే తరతరాలుగా ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు రాత్రంతా జనం కోసం పాడుతూనే ఉన్నారు, ఏడుస్తూనే ఉన్నారు, శపిస్తూనే ఉన్నారు. జనానికి గొంతు వినపడేది, మనిషి కనపడేది కాదు, అంతే తేడా. గోవిందరావుగారి కాలంలో ఆ మనిషి తెర పక్కనుంచి ముందుకు వచ్చింది. పైగా పక్కన రాముడి వేషం కట్టినవాడు భర్తో అన్నో, హార్మోనియం మీద కూర్చున్నది మామగారో, వింగులో నిలబడి అందిస్తున్నది అత్తగారో. కంపెనీ అంటేనే కుటుంబం. లోకం ఏమనుకుంటుందోనన్న భయం అక్కడ చాలామటుకు గడప బయటే ఆగిపోయింది.

ఆ కుటుంబంలో 1907లో పుట్టారు కమలాబాయి. తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి, ఇద్దరూ నటులే. ఆవిడ పుట్టుక గురించి సురభివాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. వెంకూబాయి నిండు చూలాలు. ఆ రాత్రి దమయంతి వేషం. నాటకం నడుస్తుండగానే నొప్పులు మొదలయ్యాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు దమయంతి కష్టాల్లో అదొక భాగమనుకున్నారట, ఎంత బాగా చేస్తోందో అని మెచ్చుకున్నారట. తెర దించేశారు. ఆ రంగస్థలం మీదే, తెర వెనక, కమలాబాయి పుట్టారు. సంగతి తెలిశాక ప్రేక్షకులు ఆనందంతో డబ్బులు కురిపించారని కూడా చెబుతారు.

వినడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కాస్త ఆగి ఆలోచించండి. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి మేకప్ వేసుకుని వేదిక ఎందుకు ఎక్కింది? ఎక్కకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఆ పూట కంపెనీలో పొయ్యి వెలగదు. నాటకాల కుటుంబంలో పుట్టడమంటే కళ ఒళ్ళో పెరగడమని మనం తేలిగ్గా అనేస్తాం. తల్లి కడుపులో ఉండగానే కూలికి వెళ్ళడం కూడా అందులో ఉంది.

ఇక బడి అంటారా, ఊరూరా తిరిగే కంపెనీ పిల్లలకు బడి ఏముంటుంది? ఒక ఊళ్ళో పందిరి వేస్తే కొన్ని నెలలు మకాం. వరసగా నాటకాలు. మళ్ళీ తెరలు చుట్టి, పెట్టెలు సర్ది, బళ్ళెక్కించి ఇంకో ఊరు. రాజదర్బారు తెర, అడవి తెర, వీధి తెర, చెరసాల తెర, పిల్లలకు తెలిసిన భూగోళం అదే. సురభి బిడ్డ నడక రాకముందే స్టేజీ ఎక్కుతుంది, ఎవరో ఒకరి చేతుల్లో బాలకృష్ణుడిగా. కాస్త మాట తిరగ్గానే లోహితాస్యుడు, ప్రహ్లాదుడు, లవకుశులు. కమలాబాయి కూడా ఆ వేషాల మెట్లెక్కే పైకి వచ్చారు. మగపిల్లవాడి వేషమా ఆడపిల్ల వేషమా అన్న పట్టింపు లేదు, గొంతు సరిపోతే చాలు. అందరి పాఠాలూ అందరికీ నోటికి వచ్చేవి. రాత్రి వింగులో కూర్చుని వినీ వినీ వచ్చిన చదువు అది. ఎవరికైనా జ్వరం వస్తే పక్కవాళ్ళు ఆ వేషం కట్టేయాలి. అక్షరాలు దిద్దని పిల్లకు కూడా వందల పద్యాలు రాగంతో సహా కంఠతా ఉండేవి. మైకు లేదు. పందిరి చివర చాపమీద కూర్చున్న ముసలాయనకు కూడా మాట వినపడాలి. పద్యం బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు, చచ్చిపోయిన పాత్ర కూడా లేచి కూర్చుని మళ్ళీ పాడాల్సిందే.

యౌవనంలోకి వచ్చేసరికి కమలాబాయి కంపెనీలో నాయిక వేషాలు కట్టే నటి. పాట ఆవిడ బలం.

ఇప్పుడు బొంబాయి వెళదాం. 1931 మార్చి 14న ఆలం ఆరా విడుదలయింది. ఇంపీరియల్ ఫిలిం కంపెనీ యజమాని అర్దేషిర్ ఇరానీ భారతీయ సినిమాకి మాట నేర్పించారు. అప్పటిదాకా మూగ సినిమా కాబట్టి అందమైన ముఖం ఉంటే చాలు, ఏ భాషవాళ్ళయినా ఫరవాలేదు. మాట రాగానే ఆ నటీనటుల్లో చాలామందికి పని చిక్కుల్లో పడింది. ఇరానీ దృష్టి దక్షిణాది మీద కూడా పడింది. ఆయన దగ్గర పనిచేస్తున్న హెచ్.ఎం. రెడ్డి, టి.పి. రాజలక్ష్మి నాయికగా కాళిదాస్ తీశారు. అందులో తమిళం, తెలుగు కలగలిసి ఉంటాయి. రాజలక్ష్మి కూడా నాటకాల మనిషే. దాని తరువాత పూర్తిగా తెలుగులో తీద్దామనుకున్నప్పుడు రెడ్డిగారు ఎంచుకున్నది ఒక నాటకాన్నే. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి భక్త ప్రహ్లాద. బళ్ళారిలో సరసవినోదినీ సభ నడిపిన ఈ ఆచార్యులవారిని ఆంధ్ర నాటక పితామహుడంటారు. ఆ నాటకం సురభివాళ్ళు ఆడుతున్నదే.

రెడ్డిగారి తెలివంతా ఇక్కడుంది. కథ రాయించి, నటుల్ని వెతికి, సంభాషణలు నేర్పి, పాటలు సాధన చేయించే బదులు, అన్నీ సిద్ధంగా ఉన్న నాటకాలవాళ్ళను రైలెక్కించి బొంబాయి రప్పించారు. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ఆయనా రంగస్థలం మనిషే. లీలావతి కమలాబాయి. పాటలు చందాల కేశవదాసువి. ఆ సినిమాలో ఒక చిన్న వేషం వేసిన కుర్రవాడు తరువాత ఎల్.వి. ప్రసాద్‌గా మనందరికీ తెలిశారు. ఇరవై రోజుల లోపల, ఇరవై వేల రూపాయలకు అటూఇటూగా ఖర్చుతో సినిమా పూర్తయిందంటారు. ఇవాళ ఒక పాటకు సెట్టు వేయడానికి ఇంకా ఎక్కువ రోజులు పడతాయి. అంత త్వరగా ఎలా పూర్తయిందంటే, పని అప్పటికే సగం పైన కంపెనీ పందిళ్ళలో జరిగిపోయింది కనుక.

ఆ స్టూడియోలో పని ఎలా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. డబ్బింగు లేదు, ప్లేబ్యాక్ లేదు. నటిస్తూనే పాడాలి, పాడుతూనే నటించాలి. హార్మోనియం, తబలా కెమెరాకి కనపడకుండా ఏ మూలో. మైకు ఎక్కడో దాచిపెట్టి ఉంటుంది, దాని పరిధి దాటి అడుగేస్తే మాట పోతుంది. పాట చివర్లో గొంతు జారితే మొత్తం మళ్ళీ మొదలు. పైగా ఇంపీరియల్ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది. ఆలం ఆరాను రైళ్ళ చప్పుడు తగ్గే అర్ధరాత్రి వేళ చూసుకుని తీశారు. రాత్రుళ్ళు మేలుకుని పద్యం పాడడం సురభి పిల్లకు కొత్తా? తెల్లవారేదాకా ఆడే నాటకాలకు అలవాటుపడ్డ ప్రాణం. కొత్తదల్లా గొంతు తగ్గించుకోవడం. చివరి చాప దాకా విసరడానికి అలవాటుపడ్డ గొంతును మూరెడు దూరంలో ఉన్న మైకుకు సరిపెట్టుకోవాలి. నటనలో ఆ మార్పు చిన్నది కాదు. పైగా ఎదురుగా జనం లేరు, వన్స్‌మోర్ లేదు, దర్శకుడు సరేనంటే సరే.

లీలావతి వేషం సంగతి కూడా ఒక మాట. తెలుగు సినిమా తొలి నాయిక చెట్ల చుట్టూ తిరగలేదు. తల్లి వేషం కట్టింది. అటు భర్త, ఇటు కొడుకు, మధ్యలో నలిగిపోయే ఇల్లాలు. ప్రహ్లాద నాటకాల్లో కన్నతల్లి చేతనే కొడుక్కి విషం ఇప్పించే ఘట్టం పేరుమోసింది. ఆ పాత్ర కట్టేనాటికి కమలాబాయికి పాతికేళ్ళు. ముప్పై అయిదేళ్ళ తరువాత, 1967లో, రంగుల్లో వచ్చిన భక్త ప్రహ్లాదలో అదే లీలావతిని అంజలీదేవి వేశారు. అదయితే మనకందరికీ గుర్తుంది.

ఈ సినిమా పుట్టినరోజు లెక్క కూడా చెప్పాలి. చాలాకాలం 1931 సెప్టెంబరు 15 అనే రాసుకున్నాం, సభలు చేసుకున్నాం, దండలు వేసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ రికార్డులూ తిరగేసి అసలు తేదీ బయటికి తీశారు. సెన్సారు అయినది 1932 జనవరి 22న, బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో విడుదలయినది 1932 ఫిబ్రవరి 6న. తెలుగు సినిమా తెలుగునాట కాక బొంబాయిలో మొదట వెలుగు చూసింది. సినిమా తారీఖు వెతకడానికి ఇన్నేళ్ళు పట్టిందంటే, ఆ సినిమాలో నటించినవాళ్ళ జీవితాల్ని మనం ఎంత జాగ్రత్త చేసి ఉంటామో మీరే లెక్క వేసుకోండి.

1932లోనే కమలాబాయి మరో రెండు సినిమాల్లో నటించారు. సాగర్ కంపెనీవారి పాదుకా పట్టాభిషేకంలో సీత, అద్దంకి శ్రీరామమూర్తి రాముడు. శకుంతలలో శకుంతల, యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడు. రెండిటికీ దర్శకుడు బాదామి సర్వోత్తం. ఒక్క ఏడాది మూడు సినిమాలు, మూడూ పురాణాలే, మూడింటిలోనూ ఆవిడే నాయిక. టాకీలు పుట్టిన ఏడాది తెలుగులో నాయిక అంటే దాదాపు కమలాబాయి ఒక్కరే. తరువాత కొన్నేళ్ళు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లో కూడా నటించారు. ఇంట్లో మరాఠీ వినిపించే మనిషికి బొంబాయి మరీ పరాయి ఊరిలా అనిపించి ఉండదని నేననుకుంటాను.

ఈలోగా ఇక్కడ తెలుగు సినిమాకి కొత్త నాయికలు వచ్చారు. 1935లో హరిశ్చంద్రలో చంద్రమతిగా కన్నాంబ వచ్చారు, ఋష్యేంద్రమణి వచ్చారు. వాళ్ళూ నాటకాల నుంచి వచ్చినవాళ్ళే. కానీ వాళ్ళకు ముందు ఒకరు వెళ్ళి వచ్చి దారి ఉందని చూపించారు. ఆడమనిషి కెమెరా ముందు నిలబడవచ్చు, పాడవచ్చు, సంపాదించుకోవచ్చు అని.

ఇందులో ఒక చేదు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. సురభి కంపెనీలు ఒకటి రెండయి, రెండు నాలుగయి, పిల్లలు పెరిగిన కొద్దీ విడిపోతూ ఒక దశలో ముప్పై దాటాయి. టాకీ వచ్చింది. నాటకం రాత్రికి ఒక్క ఆట, సినిమా రోజుకు మూడాటలు. నాటకాల కంపెనీకి పదుల మంది తిండి, బళ్ళ కిరాయి, పందిరి ఖర్చు. సినిమాకు ఒక డబ్బా, ఒక ఆపరేటరు చాలు. ఊళ్ళలో నాటకాల హాళ్ళు ఒక్కొక్కటే టాకీసులయిపోయాయి. సురభి కంపెనీలు తగ్గుతూ తగ్గుతూ చేతివేళ్ళ లెక్కకు వచ్చాయి. మాట్లాడే సినిమాకి మొదటి గొంతు ఇచ్చింది ఆ ఇల్లు, ఆ సినిమా దెబ్బ మొదట తిన్నదీ ఆ ఇల్లే. కమలాబాయిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒక్కరు వెళ్ళకపోయినంత మాత్రాన సినిమా ఆగేదీ కాదు, కంపెనీలు నిలిచేవీ కావు.

మరి ఇవాళ ఆవిడ నటన చూడాలంటే ఎక్కడ చూడాలి? భక్త ప్రహ్లాద ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. ఆ కాలపు ఫిలిం నైట్రేటుది, ఇట్టే అంటుకుంటుంది, నిలవుంటే కుళ్ళిపోతుంది. అందులో ఉన్న వెండి కోసం పాత ఫిలింను కరిగించి అమ్ముకున్న వ్యాపారులూ ఉన్నారు. పుణెలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టేసరికి 1964 వచ్చింది. అప్పటికే ముప్పైల నాటి తెలుగు సినిమా చాలావరకు బూడిదయింది.

కానీ ఆవిడను మీరందరూ చూశారు. చూసినట్టు మీకు తెలియదంతే. 1951లో విజయావారి పాతాళభైరవి. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు. తోటరాముడు ఎన్.టి. రామారావు, నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు. తోటరాముడికి ఒక తల్లి ఉంది కదా, కొడుకు సాహసాలకు గుండెలు బాదుకునే ఆ అమాయకపు తల్లి, ఆవిడే కమలాబాయి. అప్పటికి ఆవిడకు నలభై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళ కిందట ప్రహ్లాదుడి తల్లి, ఇప్పుడు తోటరాముడి తల్లి. నాయికగా వచ్చిన మనిషి తల్లి వేషంతోనే మొదలై తల్లి వేషంతోనే మన కళ్ళకు మిగలడం నాకు భలే విచిత్రంగా తోస్తుంది.

ఆ సినిమాలో రంగారావుగారు, రేలంగిగారు, రామారావుగారు కూడా నాటకాలు ఆడినవాళ్ళే. రంగారావు, రేలంగి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ వాళ్ళు. చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో, ఇష్టంకొద్దీ నాటకంలోకి వచ్చారు. కమలాబాయికి నాటకం ఇష్టమా కాదా అని ఎవరూ అడిగి ఉండరు, అందులోనే పుట్టారు. ఆ తేడా తెర మీద పట్టుకోవచ్చు. ఈసారి పాతాళభైరవి టీవీలో వచ్చినప్పుడు తల్లి ఉన్న సన్నివేశాల్లో బొమ్మ చూడకుండా మాట మాత్రం వినండి. వాక్యం చివరి అక్షరం కూడా మింగరు. ఏడుపులో కూడా మాట అర్థమవుతుంది. పక్కన మహానటులున్నా తన వంతు వచ్చేదాకా ఆగి, తన వంతు పలికి, మళ్ళీ వాళ్ళకి చోటిస్తారు. కంపెనీలో అన్నదమ్ములతో, వదినలతో కలిసి ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళకు వచ్చే మర్యాద అది. పెద్ద నటులు కొందరికి కూడా అది అబ్బదు.

1971 మార్చి 30న కమలాబాయి కన్నుమూశారు. అదే ఏడాది ఫిబ్రవరిలో స్థానం నరసింహారావుగారు పోయారు. ఆడవేషానికి పర్యాయపదమైన మగవాడు, ఆడవేషం ఆడది కట్టవచ్చని తెర మీద చూపించిన నటి, నెల రోజుల తేడాతో వెళ్ళిపోయారు. స్థానంవారికి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. సురభివారికి పద్మశ్రీ రావడానికి 2013 దాకా పట్టింది, బాబ్జీగారు అని అందరూ పిలిచే రేకందార్ నాగేశ్వరరావుగారికి ఇచ్చారు. సురభి నాటకం అప్పటికి 128 ఏళ్ళ వయసుది.

హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గర సురభివాళ్ళ కాలనీ ఉంది. మిగిలిన కొద్ది కంపెనీలూ మాయాబజారు, ప్రహ్లాద నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. ఘటోత్కచుడు గాల్లోకి లేస్తాడు, బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. లీలావతి వేషం ఇప్పటికీ ఆ ఇంటి ఆడపడుచో కోడలో కడుతుంది, టిక్కెట్టు పెద్ద ఖరీదేమీ కాదు. ఈసారి మీ ఊళ్ళో సురభి పందిరి వేస్తే వెళ్ళండి, వీలయితే వెనక చాప మీద కూర్చోండి.